సన్మానం నాడు వంకలో లేచిన పొగ

నేను పోలీసునే. కానీ ఉద్యోగంలో ఎక్కువ కాలం లాఠీ పట్టలేదు, దొంగలనూ పట్టలేదు. జనం ఏమనుకుంటున్నారో విని పైకి రాయడం నా పని. రాయదుర్గం, గుమ్మఘట్ట వైపు ఊళ్ళలో తిరిగి తిరిగి హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరయ్యాను. పేరు మస్తాన్. ఊళ్ళలో మస్తాన్ సాబ్ అనేవారు. మా ఆవిడ ఖైరున్ మాత్రం నాది "టీ తాగే ఉద్యోగం" అనేది. పెళ్ళిచూపుల్లో ఖాకీ బట్టల్లో చూసిన మనిషి ఆ తర్వాత లుంగీ, తెల్ల చొక్కాలోకి మారిపోతే ఏ ఆడమనిషికైనా అనుమానం రాదా?

ఈమధ్య ఇదే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ఇంటికొచ్చి, "అన్నా, ఎట్లా చేయాల్నో చెప్పు" అన్నారు. ప్రమోషన్ ఎట్లా వస్తుందో నాకు తెలియదు, తెలిసుంటే నాకే వచ్చేది. కాగితాలు ఎట్లా నింపాలో ఆఫీసులో ఎవరైనా చెప్తారు. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పు ఒక్కటే. ఇందులో ఒక పెద్ద మనిషికి జరిగిన సన్మానం గురించి వస్తుంది, జనం దాని మీద వేసిన జోకులు వస్తాయి. చదివేటప్పుడు మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. అప్పుడు నేనూ నవ్వాను.

ఎక్కడ కూర్చోవాలి

టీకొట్టు దగ్గర కూర్చోవద్దు. అక్కడ మాట్లాడేవాళ్ళకు తాము మాట్లాడుతున్నామన్న ధ్యాస ఉంటుంది. నలుగురు వింటున్నారని తెలిసిన మనిషి సగం నాటకంలో ఉంటాడు. మంగలి షాపులో కూర్చోండి. గడ్డానికి సబ్బు పూసుకుని, మెడ దగ్గర కత్తి పెట్టించుకున్నవాడు గొప్పలు పోడు. పొద్దున గుమ్మఘట్ట వైపు నుంచి జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లకు పనికొచ్చే ఆడవాళ్ళ బస్సు ఎక్కండి. నీళ్ళ ట్యాంకరు వచ్చే టైముకి ఊళ్ళోకి పోండి. బిందెల వరసలో ఆడవాళ్ళు తిట్టే తిట్లు విన్నవాడికి వేరే సర్వే అక్కర్లేదు.

నాకు పని నేర్పింది నరసింహులు అని ఒక పాత హెడ్ కానిస్టేబుల్. ఎవరినీ ఏమీ అడగవద్దనీ, ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దనీ చెప్పేవాడు. ఒకసారి నేను బస్సులో ఎవరితోనో ధరల గురించి వాదించానని తెలిసి పిలిపించాడు.

"నువ్వు గోడవప్పా మస్తాన్. గోడ యాడైనా జవాబు చెప్తాదా?" అన్నాడు.

పేర్లు రాయకూడదన్న నియమం మాత్రం నాకు నేనే పెట్టుకున్నాను. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు, మంగలి షాపులో ఒక స్కూలు అయ్యవారు అప్పటి నాయకుడొకరిని నోటికొచ్చినట్టు తిట్టాడు. నా చురుకుదనం పైవాళ్ళకు తెలియాలని ఆ మాటలు అయ్యవారి పేరుతో సహా రాసి పంపాను. నెల తిరక్కుండా ఆయనను జిల్లా ఆ చివరికి బదిలీ చేశారు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని బస్టాండులో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "పర్వాలేదులే సాబ్. రేపు నీ బిడ్డలకూ నా మాదిరి అయ్యవారే కదా చదువు చెప్పాల్సింది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి నా కాగితాల్లో మనుషుల పేర్లు లేవు, ఊళ్ళ పేర్లు లేవు. అందరూ "కొందరు", అన్నీ "కొన్ని గ్రామాలు".

ఇక మేము రాసే మాటలు. రెడీమేడ్ ప్యాంట్ల మాదిరి మా దగ్గర మూడు సైజులుండేవి. ప్రజలు హర్షం వ్యక్తం చేస్తున్నారు, మిశ్రమ స్పందన ఉన్నది, కొంత అసంతృప్తి ఉన్నది. ఎంత లావు మనిషి వచ్చినా ఈ మూడింట్లోనే దూరాలి. కోపం అనే సైజు మా దగ్గర కుట్టించరు.

పెద్దాయనకు బహుమానం

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. వరుసగా మూడో ఏడు వాన లేదు. తొలకరికి నాలుగు చినుకులు పడితే ఆశపడి వేరుశనగ వేశారు, అది మొలకలోనే మాడిపోయింది. పశువులను సంతకు తోలుకుపోతే కొనేవాడు లేక మళ్ళీ తోలుకొచ్చారు. మగవాళ్ళు బెంగుళూరుకు కాంక్రీటు పనికి, ఆడవాళ్ళు రాయదుర్గానికి కుట్టు పనికి. ఊళ్ళల్లో ముసలివాళ్ళూ కుక్కలూ మిగిలారు.

అప్పుడు మా వైపు నాయకుడొకాయనకు ఢిల్లీలో ఏదో సంస్థ పురస్కారం ఇచ్చింది. పేరు ఎందుకులెండి, అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అట్లాగే అంటాను. భూమి వేడెక్కుతోందని, వానల తీరు మారిపోతోందని, ఇప్పుడు మేలుకోకపోతే మనలాంటి నేలలు ఎడారులైపోతాయని ఆయన దేశదేశాల సభల్లో మాట్లాడాడట. అందుకు బహుమానం. రాయదుర్గంలో భారీ సన్మానం పెట్టారు. నాకు ఆర్డరు వచ్చింది, పురస్కారంపై ప్రజా స్పందన వారంలోగా పంపవలెనని.

ముందు మంగలి షాపుకు పోయాను. కుర్చీలో ఒక రైతు ఉన్నాడు, చెంపల నిండా సబ్బు.

"వాన లేదని చెప్పినందుకు ఆయప్పకు శాలువా కప్పినారంట. మూడేండ్లుగా మేమూ అదే చెప్తాండాం కదా, మాకు తువ్వాల గూడా కప్పలేదే?" అన్నాడు.

"నువ్వు తెలుగులో చెప్తివి. ఆయప్ప ఇంగ్లీషులో చెప్పినాడు" అన్నాడు మంగలి కత్తి ఆపకుండానే. షాపంతా నవ్వింది.

బస్సులో కుట్టు పనివాళ్ళు. "భూమి కాగుతాండాదంటనే" అని ఒకామె అంటే, "మా షెడ్డు రేకుల కింద ఒక పూట కూర్చోమను. ఎంత కాగుతాండాదో మేమే లెక్క చెప్తాం" అని వెనక సీటు నుంచి జవాబు. ట్యాంకరు దగ్గర ఒక ముసలమ్మ అయితే ఆ అవార్డు ఎట్లా ఉంటుందని నన్నే అడిగింది. పేపర్లో చూసిన ఫోటో గుర్తు చేసుకుని, గాజు చెంబు మాదిరి ఉందని చెప్పాను. "నీళ్ళు పట్టుకొనేకి అయితే మా ఇంటికి పంపమను నాయనా" అంది. పార్టీ మనిషి ఒకడు నా భుజం మీద చెయ్యేసి, "రాసుకో సాబ్, జనాలు పండగ చేసుకుంటాండారు" అన్నాడు. అదీ రాసుకున్నాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పెద్దాయన దొంగ కాదు. ఆయన ఇంకా పెద్దాయన కాకముందు, ఒక ఊళ్ళో సభలో కొండల మీద చెట్ల గురించి, పూడిపోతున్న చెరువుల గురించి మాట్లాడితే విన్నాను. సగంలోనే జనం లేచిపోయారు. ఉన్న పది మందికే గొంతు చించుకుని చెప్పాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆలోచిస్తే ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నాకు కోపం ఎక్కడంటే, ఆ మాట ఢిల్లీ పోయింది, విమానమెక్కి ఇంకా దూరం పోయింది, గుమ్మఘట్ట బస్సు మాత్రం ఎక్కలేదు. వాన ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలన్న ఆత్రం అందరికన్నా ఎక్కువ ఎవరికి ఉంటుంది? చేను ఎండినవాడికి. వాడికి ఎవరూ ఏమీ చెప్పకపోతే ఊరికే కూర్చోడు. తనకు తెలిసిన కారణం ఒకటి వెతుక్కుంటాడు.

రచ్చకట్ట మీద విన్నది

ఆ వారంలోనే కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక ఊరికి పోయాను. పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే బతుకుతున్నారు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే ఊరు. రచ్చకట్ట మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఊరి పెద్ద ఈరన్న నాకు చోటిచ్చాడు. నిదానమైన మనిషి, ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్ళి నిలబడేవాడు. పురస్కారం మాట ఎవరో ఎత్తితే, "మంచిదే కదప్పా, మన జిల్లాకు పేరు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత వాళ్ళ మాటల్లో వాళ్ళు పడ్డారు. నేను గోడనైపోయాను.

"ఆయమ్మను తీయాల్సిందే అన్నా. లేకుంటే ఈ ఏడూ ఇంతే" అన్నాడొకడు.

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆ ఊళ్ళో హనుమక్క అని ఒకామెకు బొల్లి ఉండేది. బొల్లి అంటే చర్మానికి రంగు పోవడం, అంతే. అంటుకోదు, పాపం కాదు, దానికీ వానకూ ఏ సంబంధమూ లేదు. కానీ మా వైపు ఒక పాత నమ్మకం ఉంది. బొల్లి ఉన్నవాళ్ళు చనిపోతే కాల్చాలి, పూడ్చితే ఆ నేల మీద వాన పడదని. హనుమక్క రెండేళ్ళ కిందట పోయింది. వాళ్ళింట్లో పూడ్చే ఆనవాయితీ. ఉన్నది ఒక్క కూతురు. వాళ్ళ చేని గట్టు పక్కనే గుంత తీసి పూడ్చారు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ నోరు విప్పలేదు.

చివరన కూర్చున్న ఒక ముసలాయన మెల్లగా, "ఆయమ్మ పోకముందు ఏడు గూడా వాన లేదు కదా ఈరన్నా?" అన్నాడు.

"ఆ కరువు దేవుడిచ్చింది. ఈ రెండేండ్లది మనం చేతులారా పెట్టుకున్నది" అన్నాడు ఈరన్న.

ముసలాయన నా వైపు చూశాడు. ఊరికాని మనిషిని, సర్కారు మనిషిని, నేనొక్క మాట అంటే ఆయన ఇంకో మాట అనేవాడు. నేను చెంబు అందుకుని నీళ్ళు తాగాను.

సుంకమ్మ

హనుమక్క కూతురు సుంకమ్మ రాయదుర్గంలో ప్యాంట్లకు జేబులు కుట్టేది. భర్త బెంగుళూరులో ఉంటాడు. రెండు రోజుల తర్వాత పొద్దున బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను ఎవరో నాకన్నా ఊళ్ళవాళ్ళకే బాగా తెలుసు.

"సాబ్, మొన్న మా రచ్చకట్ట కాడ నువ్వు గూడా ఉండావంట కదా. విన్నావా?"

"విన్నానమ్మా."

"మా అమ్మను తవ్వుతారంట. బతికినన్నాళ్ళూ పెండ్లికి పిలిచినోళ్ళు లేరు. ఎవరింటి గడప తొక్కనీలేదు. చచ్చినాకైనా గమ్మున పండుకోనీరా? నేను ఆడదాన్ని, ఒక్కదాన్ని, ఊరందరితో ఏం కొట్లాడేది? ఒక్క మాట పైన రాయి సాబ్. మీవోళ్ళు ఒక్కరొచ్చి ఆడ నిలబడితే చాలు, ఎవరూ గడ్డపార ఎత్తరు."

"రాస్తాలేమ్మా. నువ్వు పనికి పో" అన్నాను.

రాశాను. అదే కదా నా బాధ. మూడు పేజీల రిపోర్టులో చిట్టచివర ఒక వాక్యం: "వర్షాభావం కారణంగా కొన్ని గ్రామాల్లో పాత నమ్మకాలు తలెత్తుతున్నట్టు తెలుస్తోంది." ఊరు పేరు లేదు, సమాధి మాట లేదు, హనుమక్క లేదు. పేర్లు రాయకూడదన్న నా నియమాన్ని నేను తప్పలేదని లోపల గర్వం కూడా ఉంది. అయ్యవారి విషయంలో పేరు రాసి ఒకరి కొంప ముంచాను కదా, ఇప్పుడు రాయకపోవడమే ధర్మం అనుకున్నాను.

ఇంకో నిజం కూడా చెప్తాను. స్టేషనుకు పోయి ఎస్సైకి నోటితో చెప్పి ఉండొచ్చు. సైకిలు మీద పది నిమిషాలు. చెప్తే ఆ ఊరికి జీపు పోతుంది, ఈరన్నను పిలిపిస్తారు, మాట మోసింది ఎవరో తెలిసిపోతుంది, ఇక ఆ రచ్చకట్ట మీద నాకు ఎవరూ చోటివ్వరు. ఒక తల్లి సమాధికన్నా నేను కూర్చునే చోటు నాకు ఎక్కువైంది. ఇంతకన్నా సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

మా పై అధికారి రిపోర్టు చదివి చివరి వాక్యం దగ్గర ఆగాడు. "ఇదేం సంగతి మస్తాన్? పాత నమ్మకాలంటే, కప్పల పెళ్ళిళ్ళా?"

ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. ఆయన ముందు సన్మానం బందోబస్తు కాగితాలు కుప్పగా ఉన్నాయి, రెండు ఫోన్లు మోగుతున్నాయి.

"అట్లాంటివే సార్" అన్నాను.

ఆయన ఆ వాక్యం కొట్టేశాడు. కొట్టేసినందుకు ఆయన్ను నేను ఏనాడూ తప్పు పట్టలేదు.

కుర్చీల్లో కూర్చోబెట్టిన జనం

సన్మానం రోజు చుట్టుపక్కల మండలాల్లో ఉన్న పోలీసులందరినీ రాయదుర్గానికి లాగేశారు. గుమ్మఘట్ట వైపు లాఠీ పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఊళ్ళకు లారీలు పంపి జనాన్ని తెచ్చారు. కుట్టు షెడ్లకు సెలవిచ్చి, పనివాళ్ళందరినీ తెచ్చి షామియానా కింద ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టారు. తలా ఒక మజ్జిగ ప్యాకెట్టు. జనం ఏమనుకుంటున్నారో వినడానికి నన్ను ఆ వైపు వేశారు.

మూడో వరసలో సుంకమ్మ కనిపించింది. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"రాసినావా సాబ్?"

"రాసినానమ్మా."

రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. వెనక్కి పోయి నిమ్మళంగా కూర్చుంది. పక్కనున్నామెతో ఏదో మాట్లాడి నవ్వింది కూడా. థూ, నా బతుకు.

పెద్దాయనకు నిలువెత్తు పూలమాల వేశారు. ఆయన ఆ రోజు బాగానే మాట్లాడాడు. "మా తరం కొండలు గుల్ల చేసింది, చెరువులు పూడ్చింది. ఈ సన్మానానికి నేను అర్హుణ్ణి కాను" అన్నాడు. అది నటన అని నేననుకోను. అర్హుణ్ణి కాను అన్న చోట కూడా ముందు వరస కార్యకర్తలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు, దాంతో జనమూ కొట్టారు.

సుంకమ్మ ఊరి లారీ అప్పుడే వచ్చింది. అందులోంచి దిగిన ఒకామె వరసల మధ్య వెతుక్కుంటూ వచ్చి సుంకమ్మ చెవిలో ఏదో చెప్పింది. తర్వాత నాకు తెలిసింది ఏమంటే, లారీ ఎక్కింది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూనే. ఊళ్ళో ఉన్న మగవాళ్ళు గడ్డపారలు తీసుకుని సుంకమ్మ చేనికి పోయారు. పోలీసులెవరూ రారని వాళ్ళకు తెలిసిన రోజు అదొక్కటే. సుంకమ్మ దిగ్గున లేచింది. వలంటీరు ఒకడు, "కూర్చోమ్మా, పెద్దాయన మాట్లాడతాండాడు" అని అరిచాడు. ఆమె వాడి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆటో మాట్లాడి ఎక్కించుకుపోయాను. ఊరు ఇంకా మైలు ఉండగానే, ఊరి పక్కన ఎండిపోయిన వాగు, మా వైపు వంక అంటాం, అందులోంచి పొగ కనిపించింది. నల్లటి పొగ, టైర్లు వేసి కాల్చారు. మేము పోయేసరికి గట్టు పక్కన గుంత నోరు తెరుచుకుని ఉంది. వంక ఇసుకలో నిప్పులు ఇంకా కణకణమంటున్నాయి. మగవాళ్ళు తలస్నానాలు చేసి తడి బట్టలతో ఒడ్డున కూర్చుని ఉన్నారు. కరువులో అన్ని నీళ్ళు ఎక్కడ దొరికాయో వాళ్ళకు!

ఈరన్న లేచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ మీద కోపం ఏమీ లేదు తల్లీ. ఊరు బతకాల కదా. నీ చేను గూడా మా చేన్ల పక్కనే ఉండాది" అన్నాడు. తర్వాత, "వాన పడేదాకా ఆ బూడిద ముట్టగాకు" అని కూడా చెప్పాడు.

సుంకమ్మ నా వైపు తిరిగి, "రాసినా అంటివి కదా సాబ్" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

వాన

అప్పుడు వెళ్ళి ఎస్సైకి అంతా చెప్పాను, పేర్లతో సహా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆయన ఊరికి వచ్చాడు, కేకలేశాడు. ఊరంతా నిలబడి మేమందరమూ తవ్వినాం అంది. అందరూ చేసినది ఎవరూ చేయనట్టే అయింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పైవాళ్ళు మిమ్మల్ని ఒక ప్రశ్నకు జవాబు తెమ్మని పంపుతారు. జనం దగ్గర ఆ ప్రశ్న ఉండదు, వేరేది ఉంటుంది. ఆ బహుమానం గురించి ఆ ఊళ్ళో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు, వాళ్ళ బుర్రల నిండా ఉన్నది ఒక సమాధి. అటువంటిది చెవిన పడితే కాగితం పక్కన పడేసి లేచి నడవండి. ఆపగలిగిన మనిషి ఎదురుగా నిలబడి ఊరు పేరు, మనిషి పేరు, రోజు, అన్నీ నోటితో చెప్పండి. గోడగా ఉండమని నాకు నేర్పిన నరసింహులు మంచివాడే. కానీ ఆ మాట ఆయన ధరల గురించి చెప్పాడు, నేను అన్నింటికీ వాడుకున్నాను.

వాన వచ్చింది. సన్మానమైన ఐదో రోజు. పెద్దాయన అడుగు పెట్టిన వేళావిశేషం అని రాయదుర్గంలో ఆయన మనుషులు అన్నారు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారో చెప్పనక్కర్లేదు. దాని మీద కూడా ప్రజా స్పందన పంపమన్నారు. పంపాను. కానీ వాన మొదలైనప్పుడు నేను ఎక్కడున్నానో అందులో లేదు.

ఆ రోజు పొద్దున సుంకమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "ఎముకలు ఏరుకొని మళ్ళా అదే గుంతలో పెడ్తాను సాబ్. నువ్వు పక్కన నిలబడు. అంతకన్నా ఏమీ అడగను" అంది. ఖైరున్ అంతా విని ఉంది. పెట్టె అడుగు నుంచి నా ఖాకీ చొక్కా తీసి ఇచ్చింది. ఏళ్ళ తర్వాత తొడిగాను, పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు. ఖైరున్ సుంకమ్మ చేతిలో ఒక కొత్త తెల్లగుడ్డ పెట్టింది.

వంకలో నేను నిలబడ్డాను. ఆపడానికి వచ్చిన ఈరన్న, ఇంకో ఐదారుగురు ఖాకీ చూసి ఒడ్డు మీదే ఆగిపోయారు. సుంకమ్మ చేటలోకి బూడిద ఎత్తి, ఇసుక జల్లించి, ఒక్కొక్క ముక్కా తుడిచి తెల్లగుడ్డలో పెడుతోంది. తొందర లేదు ఆమెకు. బడికి పోయే బిడ్డకు తల దువ్వినట్టు చేస్తోంది. గుడ్డ సగం కూడా నిండలేదు, పడమటి వైపు నుంచి చల్లగాలి కొట్టింది. తలెత్తి చూస్తే కర్ణాటక వైపు ఆకాశం నల్లగా ఉంది. మొదటి చినుకు నా చేతి మీద పడింది, రూపాయి బిళ్ళంత.

ఒడ్డు మీద నుంచి ఒక్కటే కేక. "వాన! వానప్పా!" ఊళ్ళోంచి పళ్ళేలు వాయిస్తున్న చప్పుడు. ఒకతను ఇసుకలో మోకాళ్ళ మీద పడి ఏడుస్తున్నాడు.

సుంకమ్మ బూడిద మీదికి వంగి కొంగు పరిచింది. "ఆగు సామీ, ఇంకొంచెం సేపు ఆగు. ఇంగా చేతులు దొరకలేదు. అందరూ రోసిన చేతులు సామీ, ఆ చేతుల కూడు నేనొక్కదాన్నే తిన్నాను" అని అరుస్తోంది. నేను చొక్కా విప్పి ఆమె పక్కన బూడిద మీద పట్టాను. అంతకు పది రోజుల ముందు ఈద్గాలో అందరితో కలిసి, చొక్కా తిరగేసి తొడుక్కుని, వాన కోసం నమాజు చేసి ఏడ్చినవాణ్ణి. ఇప్పుడు, యా అల్లా, ఒక్క అరగంట ఆపు అని అడుగుతున్నాను.

ఆగలేదు. వంక ఎగువ నుంచి ఎర్రనీళ్ళు పాదాల మీదికి, మడమల మీదికి వచ్చాయి. బూడిద నల్లగా చారలు కట్టి కదిలిపోయింది. సుంకమ్మ రెండు చేతులతో ఇసుక పట్టుకుంటుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. అప్పుడు ఈరన్న పరుగున దిగివచ్చి ఆమెను భుజాలు పట్టి లేపాడు. ఆయన మొహం వెలిగిపోతోంది, కళ్ళ నిండా నీళ్ళు.

"రా తల్లీ, వంక పారుతాండాది. ఏడ్వగాకు. మీ అమ్మే తెచ్చినాది ఈ వాన. నీ చేను గూడా నేనే దున్ని పెడ్తాను" అన్నాడు.

సుంకమ్మ తెల్లగుడ్డ మూటను పొట్టకు అదుముకుని ఆయన మొహంలోకి చూసింది.

"చేను వద్దులే మామా. మా అమ్మ చేతులు ఇయ్యి" అంది.